జతల లెక్కలో లేని పిల్ల

"ఇంకొక్కసారి చెప్పండి, టీచరుగారూ. పిల్లల్ని చివరిసారి ఎక్కడ లెక్కపెట్టారు?"

"అద్దాల గదిలోనండీ. ఆయనకి చెప్పాను, మీకూ చెప్పాను." ఎదీతా టీచర్ చేతిరుమాలుని పిండి పిండి తాడులా చేసేసింది. "పదకొండున్నరకి. అందరూ ఉన్నారు. నా కళ్ళారా చూశాను."

కిటికీ గట్టు మీద కూర్చున్న దెరెన్ పైకి వినపడేలా నిట్టూర్చాడు.

"బోగ్నా గారూ, ఆవిడని ఇప్పటికే సగం చంపాం. మిగతా సగం కూడా మీరే కానిస్తారా?"

బోగ్నా అతనివైపు చూడలేదు. లిపోవెత్స్ పోలీసు ఠాణాలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన మనిషి ఆమె. దెరెన్ పోలీసు ప్రధాన కార్యాలయం నుంచి గంట క్రితమే కారులో దిగాడు. దిగేసరికే దొంగని పట్టేశానంటున్నాడు. ఆ దొంగ తప్పిపోయిన పిల్ల తండ్రే. పేరు ఓస్కర్. చేతులకి సంకెళ్ళతో కింద, రాజభవనం ముంగిట్లో, దెరెన్ కారులో కూర్చుని ఉన్నాడు.

పిల్ల పేరు కలీనా. పదేళ్ళు. పొద్దున బడి బస్సులో తోటి పిల్లలతో కలిసి ఈ పాత రాజభవనం చూడటానికి వచ్చింది. భవనమంతా ఇప్పుడు మ్యూజియం. మధ్యాహ్నం క్యాంటీన్లో అందరి ముందూ సూపు గిన్నెలు పెట్టాక ఒక గిన్నె మిగిలిపోయింది. అప్పుడుగానీ పిల్ల లేదని తెలియలేదు. ఇప్పుడు రెండు దాటింది. బయట మార్చి నెల తడి మంచు పడుతోంది.

"తండ్రి కారు పదకొండు నలభైకి ఇక్కడికొచ్చింది. పది నిమిషాల్లో వెళ్ళిపోయింది. కెమెరాలో పడింది," అన్నాడు దెరెన్. "భార్యాభర్తలు విడిపోయారు. పిల్లని ఆదివారాలు తప్ప చూడకూడదని కోర్టు చెప్పింది. ఈ రాత్రి విమానంలో నార్వే పోతున్నాడు, రెండేళ్ళ పని. విమానాశ్రయం దారిలో పట్టుకున్నాను. ఎందుకొచ్చావయ్యా అంటే నోరు విప్పడు. ఏ తప్పూ చెయ్యనివాడికి అంత మౌనం దేనికి?"

"పిల్ల కారులో దొరికిందా?"

"దారిలో ఎవరికో అప్పజెప్పి ఉంటాడు."

"ఉంటాడు," అంది బోగ్నా. టీచరు ముందుకి కుర్చీ లాక్కుని కూర్చుంది. "టీచరుగారూ, లెక్కపెట్టానని చెప్పొద్దు. ఇప్పుడు నాముందు లెక్కపెట్టండి. అద్దాల గదిలో ఎలా పెట్టారో, అచ్చం అలాగే."

ఎదీతా అయోమయంగా చూసింది. తర్వాత కుడిచెయ్యి ఎత్తి, రెండు వేళ్ళు చాపి, గాల్లో ఎదుటివాళ్ళ తలలమీద పెడుతున్నట్టు ఆడించింది.

"ఒక జత, రెండు జతలు, మూడు..."

దెరెన్ మొహం తిప్పుకున్నాడు. బోగ్నా మాత్రం ఆ రెండు వేళ్ళ మీదనుంచి చూపు తియ్యలేదు. ఈ దేశంలో బడికి పోయినవాళ్ళు ఎవరైనా జతల్లోనే నడిచి పెరిగారు. పక్కవాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడం, చెయ్యి పట్టుకుని చర్చికి పోవడం, జతగాడు లేకపోతే గుమ్మం దాటకపోవడం. టీచర్లు పిల్లల్ని లెక్కపెట్టరు. జతల్ని లెక్కపెడతారు.

"...పన్నెండు జతలు. అంతే. సరిపోయింది."

"బస్సు ఎక్కింది ఎంతమంది?"

"ఇరవై..." టీచరు వేళ్ళు గాల్లోనే ఆగిపోయాయి. "ఇరవై ఐదు. ఒకమ్మాయికి జ్వరం, రాలేదు."

"ఆ అమ్మాయి ఎవరి జత?"

దెరెన్ గట్టు మీదనుంచి దిగాడు.

"కలీనా జత," అంది ఎదీతా. "జత లేదు కదా, నా చెయ్యి పట్టుకోమన్నాను. అద్దాల గదిలో ఫొటోలు తీస్తున్నాను, చేతిలో ఫోనుంది... ఓరి దేవుడా. అప్పటికే లేదు. అప్పటికే నా పక్కన లేదు!"

"ఏడవకండి. ఏడిస్తే గుర్తు రాదు. ఆ చెయ్యి చివరిసారి మీ చేతిలో ఎక్కడుంది?"

"ఆకుపచ్చ గదిలో. రెండో గది అది. పెద్ద పింగాణీ పొయ్యి ఉంటుంది. డైరెక్టరుగారే మమ్మల్ని తిప్పి చూపించారు. వెనకటికి పనివాళ్ళు గోడల వెనకనుంచి వచ్చి పొయ్యిలో కట్టెలు వేసేవాళ్ళట, దొరలకి మనిషి కనపడకుండా గది వెచ్చబడేదట. అది వింటూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ వేడి ఇంకా తెలుస్తూనే ఉంది నాకు."

"అప్పుడు టైమెంత?"

"పదకొండు కొట్టింది. ఆ గదిలోనే గడియారం ఉంది."

బోగ్నా లేచింది. "విన్నారా దెరెన్ గారూ? పదకొండుకి చెయ్యి వదిలింది. నలభై నిమిషాల తర్వాతగానీ తండ్రి రాలేదు."

"కారు రాలేదు," అన్నాడు దెరెన్. "మనిషి ముందే వచ్చుండచ్చు. ఒక పిన్నిగారు వేళ్ళు తప్పు లెక్కపెట్టారని నేను ముద్దాయిని వదిలెయ్యను."

"వదలమని అడగలేదు. ఆకుపచ్చ గది చూద్దాం రమ్మంటున్నాను."

"చూసేశాం. కుక్కల్ని కూడా తిప్పాం. ఇంతమంది తొక్కిన చోట వాటికేం వాసన తెలుస్తుంది?"

"నేను చూడలేదుగా."

మెట్ల దగ్గర డైరెక్టర్ జెనోన్ ఎదురయ్యాడు. తెల్లగడ్డం, మెత్తటి గొంతు. అప్పటికే కోటు తొడుక్కుని, చెవుల టోపీ పెట్టుకున్నాడు.

"అమ్మా, తొందరపెడుతున్నానని అనుకోకండి. మూడింటికి ఉత్తరపు గదిలో గ్యాస్ పెడతారు. పాత సామాన్లని కొయ్య పురుగు తొలిచేస్తోంది. వారం క్రితమే అనుకున్న పని. ఆపమంటే మనుషులు మళ్ళీ మే నెలదాకా రారు. అప్పటికి భవనంలో ఎవరూ ఉండకూడదు."

"ఆ గది వెతికారా?" అని అడిగింది బోగ్నా.

జవాబు దెరెన్ ఇచ్చాడు. "పొద్దున ఎనిమిదింటికి సీలు వేశారు. తలుపు చుట్టూ టేపు, దానిమీద కాగితం, కాగితం మీద సంతకం, ముద్ర. పిల్లలు రాకముందే. నేను స్వయంగా చూశాను, చెక్కుచెదరలేదు. సీలు సీలే కదండీ, గోడ దూరి పోతుందా పిల్ల?"

గ్యాస్ అన్న మాట బోగ్నాని వదల్లేదు. ఆమెకి చిన్నప్పటినుంచీ అదే జబ్బు. ఎవరైనా కాసేపు కనపడకపోతే వాళ్ళని మట్టి చేసేదాకా ఊహ పోతుంది. స్టేషన్లో రైలు కిటికీలోంచి చెయ్యి ఊపిన తన అన్న మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పటినుంచీ ఆ జబ్బు ముదిరిందే తప్ప తగ్గలేదు.

మొదటి గది గుమ్మంలో పెద్ద చెక్కపెట్టె ఉంది. నున్నటి చెక్కనేల గీతలు పడకుండా ప్రతివాళ్ళూ బూట్ల మీద తొడుక్కోవాల్సిన ఉన్ని తొడుగులు అందులో ఉంటాయి. చివరి గదిలో ఇంకో పెట్టె. చూడటం అయ్యాక అందులో పడేసి పోవాలి. బోగ్నా ఒక జత తొడుక్కుంది. దెరెన్ గొణుక్కుంటూ తొడుక్కుని, మొదటి అడుగులోనే జారి గోడ పట్టుకున్నాడు.

"నవ్వండి," అన్నాడు.

"ఇంకోసారి జారితే నవ్వుతాను."

ఆకుపచ్చ గదిలో నేలనుంచి కప్పుదాకా పింగాణీ పలకల పొయ్యి. పక్కన కిటికీకి భారీ తెర, నేలమీద జీరాడుతూ. పొయ్యికీ కిటికీకీ మధ్య గోడమీద ఆకుపచ్చ కాగితంలో నిలువుగా ఒక సన్నటి చీలిక. అది తలుపు. పిడి లేదు, తాళంకప్ప లేదు.

"అది ఉత్త బొమ్మ తలుపు," అన్నాడు దెరెన్. "వెనక ఇటుకగోడే. యుద్ధం రోజుల్లోనే మూసేశారట. ఇక్కడ పనిచేసేవాళ్ళందరిదీ అదే మాట."

బోగ్నా వంగి తెర అంచు ఎత్తింది.

తెర వెనక, గోడకి ఆనించి, ఒక జత ఉన్ని తొడుగులు. చిన్నవి. నాడాలు విప్పి, లోపలికి మడిచి, రెండూ పక్కపక్కనే, ముందుభాగం గోడవైపు పెట్టి ఉన్నాయి.

"ఎవరో మర్చిపోయారు," అన్నాడు దెరెన్. గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"చివరి గదిలో పెట్టె చూశారుగా? పిల్లలు బంగాళాదుంపల్లా విసిరేసి పోయారు. ఇవి చూడండి. ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచినట్టు విడిచింది. తొడుగులు గదులు దాటి బయటికి తీసుకుపోకూడదని చెప్పి ఉంటారు. చెప్పిన మాట వినే పిల్ల. ఈడ్చుకుపోతున్న పిల్ల నాడాలు మడవదు, దెరెన్ గారూ. ఈ పిల్ల తన కాళ్ళతో తాను వెళ్ళింది."

"ఎక్కడికి? గోడలోకా?"

బోగ్నా అరచేత్తో ఆకుపచ్చ కాగితం మీద నొక్కింది. ఒకచోట కదల్లేదు, రెండోచోటా కదల్లేదు. నడుమెత్తులో నొక్కగానే లోపల ఏదో టిక్కుమంది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. అంత పాత తలుపు, కిర్రుమనలేదు. ఆమె బందు మీద వేలు పెట్టి చూపించింది. వేలికి నూనె అంటింది.

లోపల ఇటుకలు లేవు. ఒక మనిషి పట్టేంత సందు. మసి వాసన. దెరెన్ మాట్లాడకుండా టార్చి వెలిగించాడు.

ధూళిలో చిన్న బూటు గుర్తులు లోపలికి వెళ్ళాయి, తిరిగి రాలేదు. వాటిని తొక్కుతూ పెద్ద అడుగులు వెళ్ళాయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. పెద్ద అడుగులకి మడమ గుర్తు లేదు, బూటు అట్ట గీతలు లేవు. ధూళిని గుడ్డతో తుడిచినట్టు వెడల్పుగా ఉన్నాయి.

"ఓస్కర్ కాళ్ళకి ఏమున్నాయి?" అంది బోగ్నా.

దెరెన్ టార్చిని ఆ గుర్తుల మీదికి దించాడు. "పనివాళ్ళ బూట్లు. అడుగున ఇనప మేకులు." తర్వాత తన కాళ్ళవైపు చూసుకున్నాడు. "ఇవి ఉన్ని తొడుగుల గుర్తులు."

"దొంగతనంగా వచ్చేవాడు ఎవడూ తొడుగులు వేసుకుని రాడు. పొద్దస్తమానం వేసుకునే ఉండేవాళ్ళు మాత్రం విప్పడం మర్చిపోతారు. ఇక్కడి మనిషే."

సందు రెండు మలుపులు తిరిగింది. చివర ఇంకో తలుపు. దానికి ఇటువైపున ఇనప గడియ. వేసి ఉంది. గడియ మీద ధూళి లేదు.

"దీనివెనక ఏముంది?" అన్నాడు దెరెన్. ఆ ప్రశ్నకి జవాబు అతనికే తట్టింది. "ఉత్తరపు గది."

బోగ్నా అప్పటికే గడియ లాగేసింది.

లోపల కిటికీ తెరలు వేసి ఉన్నాయి. బల్లలు, కుర్చీలు, అల్మరాలు, అన్నిటిమీదా తెల్ల దుప్పట్లు. గది నడుమ నేలమీద ఇనప గొట్టం నోరు తెరుచుకుని ఉంది. కదలిక లేదు. బోగ్నాకి ఆ దుప్పట్లన్నీ ఒకే రకంగా కనపడ్డాయి. ప్రతి దుప్పటి కిందా తాను చూడలేనిది ఉన్నట్టే అనిపించింది. చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

దెరెన్ పిలిచాడు. "కలీనా! తల్లీ!"

మూలనున్న సోఫా మీద దుప్పటి కదిలింది. రెండు జడలు, ఎర్రగా ఉబ్బిన కళ్ళు, మసి అంటిన ముక్కు బయటికొచ్చాయి.

"మీరు పోలీసులా?" అంది కలీనా. "నాన్న విమానం వెళ్ళిపోయిందా?"

బోగ్నా మోకాళ్ళ మీద కూలబడి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. నుదురు, మెడ, చేతులు తడిమి చూసింది. చేతులు వెచ్చగానే ఉన్నాయి.

"లేదమ్మా. వెళ్ళలేదు. నాన్న ఇక్కడే ఉన్నాడు, కింద."

"నిజంగా?" పిల్ల మొహం విప్పారింది. "నేను కనపడకపోతే వెళ్ళడని నాకు తెలుసు! రాత్రిదాకా ఇక్కడ ఉందామనుకున్నాను. ఆ తాతగారు గోడవెనక దారుందని చెప్పినప్పుడు అనుకున్నాను. నొక్కితే తెరుచుకుంది."

దెరెన్ గొంతు సవరించుకుని, పిల్ల ఎత్తుకి వంగాడు. "మరి బయట గడియ ఎవరు వేశారు, చిట్టీ?"

కలీనా బోగ్నా కోటు గుండీ పట్టుకుంది. "ఒకాయన వచ్చాడు. ఆ మూల పొయ్యిలోంచి చిన్న చిన్న పటాలు తీసి సంచిలో వేసుకున్నాడు, మొహాలున్న బుల్లి పటాలు. నాకు తుమ్ము వచ్చింది. టార్చి నా కళ్ళలో వేశాడు. ఆయన మొహం కనపడలేదు. గుసగుసగా చెప్పాడు, మూడింటిదాకా పడుకో, తర్వాత ఏ బాధా ఉండదు అని. తలుపేసి వెళ్ళిపోయాడు. నేను చాలా అరిచాను, ఆంటీ. ఎవరూ రాలేదు."

దెరెన్ నిటారుగా నిలబడ్డాడు. వాచీ చూసుకున్నాడు. మూడుకి ఇరవై నిమిషాలుంది.

"ఆ గ్యాస్ ఆపించి, ఇక్కడివాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి..."

"నిలబెడితే? మొహం చూడలేదు, గొంతు గుసగుస. అందరికీ ఉన్ని తొడుగులే. కొట్టేసిన పటాలు ఈపాటికి ఎక్కడో దాచేసి ఉంటాడు. మీరు గట్టిగా అరిస్తే వాడు కూడా మనతోపాటు పిల్ల దొరికిందని సంబరపడతాడు." బోగ్నా గొంతు తగ్గించింది. "పిల్ల దొరికిన సంగతి మనకి తప్ప ఎవరికీ తెలియదు. గ్యాస్ పెట్టే ఈ గదిలో పిల్ల ఉందని వాడొక్కడికే తెలుసు. మూడు కానిద్దాం."

"మందు పెట్టే మేస్త్రీని?"

"అతనికి గుట్టుగా చెప్పండి. గ్యాస్ పంపే బండి ఇంజను మాత్రం తిప్పాలి. గ్యాస్ బండ మీద చెయ్యి వెయ్యకూడదు. బండ పక్కన మీ మనిషిని నిలబెట్టండి. అందర్నీ ముంగిట్లోకి రమ్మనండి." తర్వాత ఒక్క క్షణం ఆగింది. "అన్నిటికంటే ముందు ఆ తండ్రిని వెనక మెట్ల మీదుగా పైకి తీసుకురండి. కూతురు చచ్చిందో బతికిందో తెలియకుండా ఇంకో నిమిషం కూడా ఉంచొద్దు."

దెరెన్ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "సంకెళ్ళు తీసేస్తాను. క్షమాపణ మాత్రం నాచేత ఇప్పుడే చెప్పించకండి."

"నాకెందుకు? అతనికి చెప్పండి, చాలు."

ఓస్కర్ మసి పట్టిన సందులోంచి వంగి వచ్చాడు. పొడుగాటి మనిషి. కూతుర్ని చూడగానే గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. కలీనా పరిగెత్తుకెళ్ళి అతని మెడకి చుట్టుకుంది.

"అరవకు నాన్నా, రహస్యం," అని అతని చెవిలో చెప్పింది.

"పొద్దున ఎందుకొచ్చావయ్యా?" అని మెల్లగా అడిగింది బోగ్నా.

"ఒక్కసారి చూసిపోదామని, మేడమ్. దూరంనుంచే. బస్సు దిగిందేమో, టోపీ పెట్టుకుందో లేదోనని. ఇవాళ ఆదివారం కాదు కదా. వచ్చానని చెప్తే ఉన్న ఆదివారాలు కూడా తీసేస్తారేమోనని నోరు మూసుకున్నాను."

"రెండేళ్ళకి ఎన్ని ఆదివారాలు పోతాయో నేను లెక్కపెట్టాను," అంది కలీనా అతని భుజంలోంచి.

ఓస్కర్ ఆమె జడ మీది మసి దులిపాడు. "వెళ్ళను. విన్నావా? ఇక్కడే ఏదో ఒక పని చూసుకుంటాను."

"ఒట్టు?"

"ఒట్టు. కానీ ఇంకెప్పుడూ గోడల్లో దూరకూడదు."

బోగ్నా వాళ్ళిద్దర్నీ సందులోకి పంపి, గది కిటికీ దగ్గరికి వెళ్ళింది. తెర అంచు వేలెడు పక్కకి జరిపింది.

కింద ముంగిలి మొత్తం కనపడుతోంది. పిల్లలు బస్సులో ఉన్నారు. ఎదీతా టీచర్ బస్సు మెట్టు మీద మొహం దాచుకుని కూర్చుంది. మ్యూజియం మనుషులు పదిమంది దాకా తడి మంచులో ఒకచోట నిలబడ్డారు. గదులకి కాపలా కాసే ముసలమ్మలు శాలువాలు బిగించుకుంటున్నారు. టిక్కెట్లమ్మే అమ్మాయి ఫోను చూసుకుంటోంది. వంటాయన సిగరెట్టు కాలుస్తున్నాడు. డైరెక్టర్ జెనోన్ అందరికంటే వెనక ఉన్నాడు. దెరెన్ వాళ్ళకి ఎదురుగా, చేతులు జేబుల్లో పెట్టుకుని, విసుగ్గా ఉన్నవాడిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. బాగా నటిస్తున్నాడని అనుకుంది బోగ్నా.

చర్చి గంట మూడు కొట్టింది.

వాకిట్లో బండి ఇంజను గుర్రుమంది. గది నడుమ గొట్టం చిన్నగా వణికింది. ఏమీ రాదని తెలిసినా బోగ్నా ఊపిరి బిగబట్టింది.

టిక్కెట్ల అమ్మాయి ఒకసారి తలెత్తి మళ్ళీ ఫోనులో పడింది. వంటాయన సిగరెట్టు బూటుకింద నలిపాడు. ఒక ముసలమ్మ ఇంకో ముసలమ్మకి ఏదో చెప్పి చెవులు మూసుకుంది. ఎవరూ ఉత్తరపు గది వైపు చూడలేదు. పురుగులకి మందు పెడుతుంటే చూసేదేముంది?

వెనక నిలబడ్డ జెనోన్ చూశాడు.

తలెత్తి, ఇదే కిటికీని చూశాడు. తర్వాత చెవుల టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. తెల్లజుట్టు మీద మంచు పడుతుంటే తలవంచి, నుదుటినుంచి ఛాతీ దాకా, భుజంనుంచి భుజానికి, నెమ్మదిగా సిలువ గుర్తు వేసుకున్నాడు.

ఈ ఊళ్ళో మగవాళ్ళు చర్చిలో టోపీ తీస్తారు. శవపేటిక ఎదురైనప్పుడు తీస్తారు. కొయ్య పురుగుల కోసం ఎవరూ తియ్యరు.

దెరెన్ కూడా చూశాడు. తిరగడం ఆపేశాడు. జేబుల్లోంచి చేతులు తీసి, గుంపు చుట్టూ తిరిగి, తొందరలేని అడుగులతో వెనకవైపుకి నడిచాడు.

జెనోన్ తల ఎత్తేసరికి, బోగ్నా తెర మొత్తం పక్కకి లాగేసి, కిటికీ రెక్కలు బార్లా తెరిచి, వెలుతుర్లో నిలబడి ఉంది.